ఐ5 కొన్నా నత్తనడకే ఎందుకు? ఈసారి ప్రశ్నలన్నీ డ్రైవ్ గురించే

ఈ నెల వచ్చిన ప్రశ్నలు ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకే చోటికి వస్తున్నాయి. కంప్యూటర్‌లో డేటా దాచే డ్రైవ్ ఏది కొనాలి, స్పీడు ఎంతుండాలి, మారిస్తే నిజంగా తేడా తెలుస్తుందా లేక షాపు వాళ్ళు చెప్పే కబుర్లేనా అని. అందుకని ప్రింటర్ ప్రశ్నలు, వైఫై ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి మొత్తం డ్రైవ్‌లే తీసుకున్నా. ప్రింటర్ వాళ్ళు ఏమనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: నేను తెనాలిలో అకౌంట్స్ రాస్తుంటానండి, ఐదారు షాపుల ట్యాలీ మొత్తం నా లాప్‌టాప్‌లోనే ఉంటుంది. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, కొని ఆరేళ్ళయింది. పొద్దున ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా ఆ గుండ్రం చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. ఒక షాపులో చూపిస్తే ప్రాసెసర్ పాతబడిపోయింది కొత్తది కొనుక్కోండి అన్నారు, ఇంకో షాపులో ఇది 5400 డిస్కు, 7200ది వేస్తే పరిగెడుతుంది అన్నారు, మా అబ్బాయేమో ఎస్ఎస్‌డీ వెయ్యి నాన్నా అంటాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ అబ్బాయి మాటే వినండి. కానీ ఎందుకో తెలిస్తే ఇంకోసారి ఏ షాపులోనూ మిమ్మల్ని కంగారు పెట్టలేరు కాబట్టి కొంచెం విడమరిచి చెప్తా, ఓపిగ్గా చదవండి.

రేపు పొద్దున లాప్‌టాప్ అలా ఈడుస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసగా కనిపిస్తాయి. నా అంచనా ఏంటంటే మీ సీపీయూ 10, 15 శాతం దగ్గర చేతులు కట్టుకుని కూర్చుని ఉంటుంది, మెమరీ సగం దగ్గర ఉంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం అని గ్రాఫు పై అంచుకి అతుక్కుపోయి ఉంటుంది. ఇప్పుడు దాని కిందే రీడ్ స్పీడ్ అని ఉంటుంది చూడండి, సెకనుకి 1 ఎంబీయో 2 ఎంబీయో చూపిస్తుంటుంది. ఇదేంటి వంద శాతం పనిచేస్తూ తెచ్చేది 2 ఎంబీయేనా అనిపిస్తుంది కదా, అక్కడే ఉంది అసలు విషయం. ఆ 100 శాతం అంటే ఎంత సరుకు తెస్తోంది అని కాదు, ఎంతసేపు ఖాళీ లేకుండా ఉంది అని.

పాత ఆఫీసుల్లో రికార్డు రూము ఉంటుంది కదా, అక్కడ అటెండరుని 1998 ఫైళ్ళ కట్ట మొత్తం పట్రా అంటే ఒక్కసారి వెళ్ళి బరువైనా సరే ఎత్తుకొచ్చి పడేస్తాడు. అదే వంద వేరు వేరు ఫైళ్ళలోంచి ఒక్కో కాగితం తెమ్మంటే పొద్దుగూకులూ అల్మారాల చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, తెచ్చేది గుప్పెడు కాగితాలే. కుర్చీలో గుమస్తా ఎంత చురుకైనవాడైనా కాగితం చేతికొచ్చేదాకా గోళ్ళు గిల్లుకోవాల్సిందే. మీ ఐ5 ఆ గుమస్తా. విండోస్ ఆన్ అవడం, ట్యాలీ తెరుచుకోవడం, యాంటీవైరస్ లేవడం ఇవన్నీ వేల చిన్న చిన్న కాగితాల పని, పెద్ద కట్ట పని కాదు.

హార్డ్ డిస్క్ లోపల గిర్రున తిరిగే పళ్ళేలు, వాటి మీద అటూ ఇటూ కదిలే ఒక చెయ్యి ఉంటాయి. 5400 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకి 90. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు, మనకి కావాల్సిన చోటు చెయ్యి కిందకి రావాలంటే సగటున సగం చుట్టు తిరగాలి కాబట్టి ఐదున్నర. దానికన్నా ముందు ఆ చెయ్యి సరైన వరస మీదకి జరగాలి, లాప్‌టాప్ డిస్కుల్లో దానికి ఇంకో 12 దాకా పడుతుంది. మొత్తం పదిహేడున్నర, అంటే సెకనుకి యాభై ఏడు కాగితాలు, అంతకు మించి దాని వల్ల కాదు. 7200ది వేస్తే, చెయ్యి కూడా కాస్త చురుగ్గా కదిలే డెస్క్‌టాప్ రకమే అనుకున్నా, సగం చుట్టుకి 4.2, చెయ్యి జరగడానికి ఓ 9, మొత్తం 13. సెకనుకి డెబ్భై ఆరు. ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, జరిగేది లేదు, అన్నీ చిప్పులే, ఒక ముక్క తేవడానికి మిల్లీసెకనులో పదో వంతు, మంచివాటిలో అంతకన్నా తక్కువే.

లెక్క కోసం ఆన్ అయి ట్యాలీ తెరుచుకునేలోపు పదివేల ముక్కలు కావాలి అనుకుందాం. మీ 5400 డిస్కుకి 175 సెకన్లు, దాదాపు మూడు నిమిషాలు. 7200కి 130 సెకన్లు. ఎస్ఎస్‌డీకి ఒక్క సెకను. నిజంగా విండోస్ కొన్ని ముక్కలు వరసగా చదువుతుంది, కొన్ని ముందే తెచ్చిపెట్టుకుంటుంది కాబట్టి అచ్చం ఇలాగే ఉండదు, ఎస్ఎస్‌డీతో కూడా పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది ఎందుకంటే అప్పుడు ప్రాసెసర్ వంతు వస్తుంది. కానీ కాఫీ తాగి వచ్చే కథకి కారణం ఈ లెక్కే. 7200 వేయమన్నాయన చెప్పింది అబద్ధం కాదు, తేడా ఉంటుంది, కాకపోతే మూడు నిమిషాలు కాస్తా రెండుంపావు అవుతుంది, మీరు కాఫీ బదులు టీ తాగొచ్చు అంతే.

ఇంకో మాట కూడా చెప్తా, చాలామందికి తెలీదు. 7200 ఆర్‌పీఎం డిస్కు మొదట వచ్చింది 1992లో. అప్పటి నుంచి ఇప్పటిదాకా మామూలు డెస్క్‌టాప్ డిస్కు ఆ 7200 దాటలేదు. 1996లో 10,000ది, 2000లో 15,000ది తెచ్చారు గానీ అవి సర్వర్లలోనే ఎక్కువ తిరిగాయి, వేడి ఎక్కువ, మోత ఎక్కువ, ఖరీదు ఎక్కువ. ఇంకా వెనక్కి వెళ్తే 1956లో ఐబీఎం చేసిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి, అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు, ఒక ముక్క వెతకడానికి సగటున 600 మిల్లీసెకన్లు. ఇవాళ 20 టీబీ డిస్కు దొరుకుతోంది, అంటే పట్టే సరుకు 40 లక్షల రెట్లు పెరిగింది, వెతికే టైము మాత్రం 600 నుంచి 13కి వచ్చింది, యాభై రెట్లు కూడా కాదు. గోదాము ఊరంత పెరిగింది, అటెండరు మాత్రం అప్పటాయనే.

ఇక మీరు చెయ్యాల్సింది. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (సాటా అంటే మీ హార్డ్ డిస్కు తగిలించి ఉన్న కనెక్షనే), 500 జీబీది సరిపోతుంది మీకు, మీ హార్డ్ డిస్కు ఉన్న చోటే అవే స్క్రూలతో కూర్చుంటుంది. మీ లాప్‌టాప్‌లో ఎం.2 స్లాటు, అంటే సన్నటి పట్టీలాంటి డ్రైవ్ గుచ్చే చోటు, ఖాళీగా ఉంటే అది వేరే సంగతి, కింద కరీంనగర్ తమ్ముడికి రాసింది చదవండి. అన్నిటికన్నా ముందు ట్యాలీ డేటా బ్యాకప్ తీసి పెన్ డ్రైవ్‌లో ఒకటి, ఇంకో చోట ఒకటి పెట్టుకోండి, ఇది మర్చిపోయి తర్వాత ఏడ్చినవాళ్ళని చూశా. పాత డిస్కుని ఉన్నదున్నట్టు క్లోన్ చేయించుకోవచ్చు, లేదా విండోస్ కొత్తగా వేయించుకోవచ్చు, ఆరేళ్ళ చెత్త పేరుకుని ఉంటుంది కాబట్టి నేనైతే కొత్తగానే వేయిస్తా. తీసేసిన డిస్కుకి ఒక కేసింగ్ కొంటే ఎక్స్‌టర్నల్ డిస్కు అయిపోతుంది, కానీ ఆరేళ్ళది కదా, ఉన్న ఒక్క కాపీ దాని మీదే పెట్టి నిశ్చింతగా ఉండకండి.

పోయిన వేసవిలో మా తోడల్లుడి లాప్‌టాప్‌కి ఇదే పని చేశా, అదీ మీలాంటి ఐ5యే. ఊరికే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ముందు పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి క్రోమ్ తెరుచుకునేదాకా రెండు నిమిషాల నలభై సెకన్లు, మార్చాక ఇరవై రెండు. మా తోడల్లుడు దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసి, ఆపి మళ్ళీ ఆన్ చేసి, నాలుగుసార్లు చూసుకున్నాడు. ధర ఎంతో ఇక్కడ రాయను, ఈ సంచిక మీ చేతికొచ్చేలోపే మారిపోతుంది. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగితే ఇక్కడ హార్డ్ డిస్కుల రేట్లు భగ్గుమన్నాయి, నిన్న అడిగిన రేటు ఇవాళ లేదు అప్పట్లో. కాబట్టి రెండు మూడు చోట్ల అడిగి కొనండి.

ప్రశ్న: అన్నా, నేను కరీంనగర్‌ల డిగ్రీ చదువుతున్న. నా లాప్‌టాప్‌ల ఎం.2 స్లాట్ ఒకటి ఖాళీగ ఉన్నది. షాపుల అడిగితే మూడు రకాలు చెప్పిండ్రు, సాటాది సెకనుకి 550 ఎంబీ అంట, జెన్3ది 3500 అంట, జెన్4ది 7000 అంట. రేట్ల మస్తు ఫరక్ ఉన్నది. 7000ది వేస్తే సాటా దానికంటే పన్నెండు రెట్లు ఫాస్ట్ అయితదా, లేకుంటే పైసలు దండగనా?

జవాబు: తమ్ముడూ, డబ్బా మీద రాసిన 7000 అబద్ధం కాదు, కానీ అది రికార్డు రూములోంచి కట్ట మొత్తం ఒకేసారి తెచ్చే స్పీడు. పైన తెనాలి ఆయనకి వేసిన లెక్కే నీకూ వెయ్యి. పదివేల చిన్న ముక్కలకి హార్డ్ డిస్క్ 175 సెకన్లు, సాటా ఎస్ఎస్‌డీ ఒక సెకను, ఎన్వీఎంఈ (నీకు షాపులో చెప్పిన జెన్3, జెన్4 రెండూ ఈ రకమే) అర సెకను. 175 నుంచి ఒకటికి రావడం నీకు ఒళ్ళంతా తెలుస్తుంది, ఒకటి నుంచి అరకి రావడం స్టాప్‌వాచ్‌కి తప్ప ఎవడికీ తెలీదు. జెన్3కి జెన్4కి మధ్య తేడా అయితే కోడ్ రాసుకునేవాడికి, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరుచుకునేవాడికి కనపడదు. పెద్ద పెద్ద వీడియోలు ఎడిట్ చేస్తూ, ఒక ఎన్వీఎంఈ లోంచి ఇంకో ఎన్వీఎంఈ లోకి వందల జీబీలు పోసేవాళ్ళకి 7000 పనికొస్తుంది.

అయినా సాటాది తీసుకోమని చెప్పను. జెన్3 ఎన్వీఎంఈకి, సాటాకి ధర దగ్గర దగ్గరగా ఉంటే ఎన్వీఎంఈయే తీసుకో. ముందు నీ స్లాట్ ఏది తీసుకుంటుందో చూడు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎం.2 అనేది ఆకారం పేరు, స్పీడు పేరు కాదు. అదే ఆకారంలో సాటాదీ ఉంటుంది ఎన్వీఎంఈదీ ఉంటుంది, కొన్ని లాప్‌టాప్ స్లాట్లు రెండూ తీసుకుంటాయి, కొన్ని ఒకటే. చేతిలో పట్టుకుని చూస్తే పిన్నుల దగ్గర సాధారణంగా ఎన్వీఎంఈకి ఒక గాటు, సాటా ఎం.2కి రెండు గాట్లు ఉంటాయి. పొడవు కూడా చూడు, 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు 80 పొడవు, కొన్ని చోట్ల 2242 మాత్రమే పడుతుంది. జెన్3 స్లాట్‌లో జెన్4ది పెడితే పనిచేస్తుంది గానీ 3500 దగ్గరే ఆగుతుంది, మిగతా సగం డబ్బులు షాపులో దానం చేసినట్టే.

జెన్4కి పెట్టే ఆ ఎక్కువ డబ్బు మిగిల్చి 500 బదులు 1 టీబీ తీసుకో, లేకపోతే 8 జీబీ ర్యామ్‌ని 16 చేసుకో. ర్యామ్ చాలకపోతే విండోస్ ఆ మిగిలిందంతా డ్రైవ్ మీదకి తోసి మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంటూ ఉంటుంది, ఎంత ఫాస్ట్ ఎస్ఎస్‌డీ అయినా ర్యామ్ ముందు అది ఎడ్లబండే.

ప్రశ్న: మాది రాజమండ్రిలో ఫోటో స్టూడియో. ముహూర్తాల సీజన్లో ఒక్కో పెళ్ళికి 300 జీబీ దాకా వీడియో వస్తుంది. ఈమధ్య తక్కువలో వస్తోందని ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ కొన్నాం. కాపీ పెడితే మొదట్లో సెకనుకి 400 ఎంబీ చూపిస్తుంది, సగంలో ఉన్నట్టుండి 60కి పడిపోతుంది, ఇంక లేవదు. మా పాత హార్డ్ డిస్కే నయం అనిపిస్తోంది. ఇది డూప్లికేటా? ఇంకో సంగతి, పాత పెళ్ళిళ్ళన్నీ కూడా ఎస్ఎస్‌డీల్లోకి మార్చేద్దామా?

జవాబు: డూప్లికేట్ అవ్వాల్సిన పనిలేదండీ, చవక రకం ఎస్ఎస్‌డీల తీరే అది. ఎస్ఎస్‌డీలో ఒక్కో గదిలో ఎన్ని బిట్లు కుక్కుతారన్న దాన్ని బట్టి రకాలు, మూడు కుక్కితే టీఎల్‌సీ, నాలుగు కుక్కితే క్యూఎల్‌సీ. ఎంత ఎక్కువ కుక్కితే అంత చవక, రాయడం అంత నెమ్మది. ఆ నెమ్మది బయటపడకుండా ఖాళీగా ఉన్న గదుల్లో కొన్నిట్లో ముందు ఒక్కో బిట్టే గబగబా రాసేస్తుంది, తర్వాత తీరిగ్గా సర్దుకుంటుంది. పది జీబీ ఇరవై జీబీ కాపీ చేసుకునేవాడికి ఈ గుట్టు జన్మలో తెలీదు. మీరు ఒకేసారి 300 పోస్తున్నారు, ఆ గబగబా రాసే చోటు నిండిపోయాక దాని అసలు రంగు బయటపడుతోంది. అప్పుడు హార్డ్ డిస్కు కంటే తక్కువకి పడే ఎస్ఎస్‌డీలూ ఉన్నాయి. డ్రైవ్ నిండుతున్నకొద్దీ ఆ గబగబా చోటు కూడా కుంచించుకుపోతుంది కాబట్టి సగం నిండిన డ్రైవ్‌లో ఇంకా ముందే పడిపోతుంది. మీలాంటి పనికి టీఎల్‌సీ అని అడిగి తీసుకోండి, డబ్బా మీద ఎంత రాసుందో కాదు, మొత్తం నింపుతూ పోతే ఎంత నిలబడుతుందో చూసుకోవాలి.

కేబుల్ తేడా అయ్యుంటుందా అని మీకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. అది కాదు. యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే మొదటి నుంచీ 35, 40 దగ్గరే కూర్చుంటుంది, మీది 400 నుంచి మొదలవుతోంది కాబట్టి పోర్టు బాగానే ఉంది. పోర్టు సంగతి వచ్చింది కాబట్టి నా సొంత కథ ఒకటి. కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్న కొత్తల్లో సీపీయూ డబ్బా ముందు వైపు ఉన్న నల్ల పోర్టులో పెట్టుకుని, ఇదేం డిస్కురా బాబూ అని కంపెనీని తిట్టుకుంటూ రెండు నెలలు వాడా. వెనకాల లోపల నీలం రంగున్న పోర్టు ఒకటుంది, అది యూఎస్‌బీ 3, వంగి చూడటానికి బద్ధకం. మీ 300 జీబీనే తీసుకుంటే ఆ నల్ల పోర్టులో రెండు గంటల ఇరవై నిమిషాలు, నీలం పోర్టులో హార్డ్ డిస్కుకి 120 చొప్పున వేసుకున్నా నలభై రెండు నిమిషాలు, మంచి ఎస్ఎస్‌డీ 400 దగ్గర నిలబడితే పన్నెండున్నర నిమిషాలు.

పాత పెళ్ళిళ్ళు మాత్రం ఎస్ఎస్‌డీల్లోకి మార్చకండి. ఇప్పుడు ఎడిటింగ్ నడుస్తున్న రెండు మూడు పెళ్ళిళ్ళు కంప్యూటర్ లోపలి ఎస్ఎస్‌డీలో పెట్టుకోండి, టైమ్‌లైన్ లాగితే వెంటనే రావాలి కదా. ఆల్బమ్ ఇచ్చేసి డబ్బులు తీసుకున్నాక అది హార్డ్ డిస్కులోకి పోవాలి, ఒకటి కాదు రెండు డిస్కుల్లోకి, రెండూ ఒకే బీరువాలో పెట్టకండి. అక్కడ స్పీడుతో పనేముంది, ఏడాదికోసారి ఎవరో వచ్చి అన్నా మా పెళ్ళి వీడియో పోయిందంటే తీసిస్తారు. పైగా ఎస్ఎస్‌డీకి ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడేస్తే లోపల డేటా మెల్లగా చెదిరిపోయే ప్రమాదం ఉంది. హార్డ్ డిస్కు పోయే ముందు టకటక అనో గీరుతున్నట్టో చాలాసార్లు ఒక మాట చెప్పి పోతుంది, ఎస్ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోతుంది, దాన్లోంచి పొరపాటున చెరిపేసినవి తిరిగి రాబట్టడం కూడా కష్టం.

హార్డ్ డిస్కు కొనేటప్పుడు ఒక్కటి అడగండి, ఎస్ఎంఆరా సీఎంఆరా అని. ఎస్ఎంఆర్ అంటే పెంకుటింటి పెంకుల్లాగా ఒక వరస మీద ఇంకో వరస కాస్త ఎక్కించి రాస్తారు, చోటు కలిసొస్తుంది, కానీ మధ్యలో ఒకటి మార్చాలంటే పక్కవి కూడా మళ్ళీ రాయాలి, అందుకే పెద్ద కాపీలప్పుడు మూలుగుతుంది. సీఎంఆర్‌లో అలా ఎక్కించరు. ఒకసారి నింపి పక్కన పెట్టేసే దానికైతే ఎస్ఎంఆర్ అయినా పర్లేదు. ఇంకా డిస్కు నిండేకొద్దీ కాపీ నెమ్మదించిందంటే కంగారు పడకండి, డిస్కు బయటి అంచు నుంచి నిండుతూ లోపలికి వస్తుంది, లోపలి వరసలు చిన్నవి, ఒక్కో చుట్టుకి వచ్చే సరుకు తక్కువ. చివరికొచ్చేసరికి దాదాపు సగానికి పడుతుంది, అది జబ్బు కాదు.

ప్రశ్న: ఎస్ఎస్‌డీ వేస్తే గేముల్లో ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద పడే బొమ్మలు) పెరుగుతుందా? (ఇంటర్ స్టూడెంట్, విశాఖపట్నం)

జవాబు: పెరగదు. ఎఫ్‌పీఎస్ గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ చూసుకుంటాయి. లోడింగ్ స్క్రీన్ తగ్గుతుంది, పెద్ద మ్యాపుల్లో పరిగెడుతుంటే మధ్యలో ఆగి ఆగి రావడం తగ్గుతుంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోనే సెకనుకి 5.5 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టారు, 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ గేమ్ అయితే ఎస్ఎస్‌డీ ఉండి తీరాలని రాసేసింది, కాబట్టి కొత్త గేములకి హార్డ్ డిస్కు మీద ఆశ పెట్టుకోకు. ఇంట్లో అడిగేటప్పుడు చదువు కోసం అని చెప్తావని తెలుసు, నేనేం చూళ్ళేదు.

ప్రశ్న: కర్నూల్లో మాకు కిరాణా హోల్‌సేల్ షాపు ఉంది. 8 సీసీ కెమెరాలు పెట్టించాం. వాటి వీడియో రికార్డు చేసే పెట్టె, డీవీఆర్‌లో హార్డ్ డిస్కు పోయింది. మామూలు డిస్కులన్నీ పాతకాలంవి, ఎస్ఎస్‌డీ వేస్తే స్పీడుగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది అని ఒకతను చెప్తున్నాడు. వెయ్యమంటారా?

జవాబు: వద్దండీ. రాజమండ్రి వాళ్ళ పాత పెళ్ళిళ్ళు పక్కన పెడితే, ఇన్ని ప్రశ్నల్లో హార్డ్ డిస్కే సరైన జవాబు అయ్యేది మీ ఒక్కరికే, అదీ 7200 కూడా అక్కర్లేదు.

ఒక్కో కెమెరా సెకనుకి 4 మెగాబిట్లు పంపుతోంది అనుకోండి, ఎనిమిదీ కలిపి 32 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 4 ఎంబీ. ఇప్పటి మామూలు డిస్కు వరసగా రాయమంటే దీనికి పాతిక రెట్లు రాసేస్తుంది. ఇది కట్టలు కట్టలుగా ఒకే వరసలో రాసుకుంటూ పోయే పని, అల్మారాల చుట్టూ తిరిగే పని కాదు. డీవీఆర్‌కి కావాల్సింది చోటు, ఇరవై నాలుగ్గంటలూ ఆగకుండా తిరిగే ఓపిక. సెకనుకి 4 ఎంబీ అంటే రోజుకి దాదాపు 345 జీబీ, 2 టీబీ డిస్కు ఆరో రోజుకి నిండిపోయి పాతది చెరుపుకుంటుంది. పదిహేను రోజుల రికార్డింగ్ కావాలంటే 6 టీబీ చూసుకోండి, లేకపోతే మనుషులు కదిలినప్పుడే రికార్డు అయ్యేలా పెట్టించుకుంటే రాత్రిళ్ళు మిగులుతాయి. సీసీ కెమెరాల కోసమని విడిగా సర్వైలెన్స్ డిస్కులు వస్తాయి, అదే అడగండి, లాప్‌టాప్‌లోంచి తీసిన పాతది పెడతామంటే ఒప్పుకోకండి.

ఎస్ఎస్‌డీ ఎక్కువ కాలం వస్తుందన్న మాట మీ దగ్గర తిరగబడుతుంది. ఎస్ఎస్‌డీకి ఇంత రాయొచ్చు అని ఒక లెక్క ఉంటుంది, 500 జీబీ దానికి మామూలుగా 300 టీబీ దాకా కంపెనీ హామీ ఇస్తుంది. ఆఫీసు లాప్‌టాప్‌కి అది పదేళ్ళకి కూడా అవ్వదు, రోజుకి 345 జీబీ చొప్పున మీరు రెండున్నరేళ్ళు తిరక్కుండానే అవగొట్టేస్తారు, అదీ రోజున్నర రికార్డింగ్ కోసం.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో హైస్కూల్లో టీచర్ని. ఇంట్లో 2010లో కొన్న డెస్క్‌టాప్ ఉంది, 2 జీబీ ర్యామ్. ఎస్ఎస్‌డీ వేద్దామంటే బోర్డులో సాటా 2 పోర్టులే ఉన్నాయి, సగం స్పీడే వస్తుంది వేస్ట్ అంటున్నారు. నిజమేనా మాస్టారూ?

జవాబు: మీరు నన్ను మాస్టారూ అంటే ఎలాగండీ. సగం స్పీడే వస్తుందన్నది నిజం, వేస్ట్ అన్నది నిజం కాదు. సాటా 2 అంటే పైకి సెకనుకి 300 ఎంబీ, చేతికొచ్చేది 270 దాకా. కట్ట తెచ్చే స్పీడు సగం అవుతుంది, కాగితం వెతికే టైము మాత్రం అలాగే మిల్లీసెకనులో పదో వంతే, మనకి కావాల్సింది అదే కదా. కాబట్టి మీ దాన్లో కూడా తేడా కళ్ళకి కడుతుంది. అయితే 2 జీబీ ర్యామ్‌తో ఏం వేసినా ఊపిరాడదు, ముందు దాన్ని 4 చేసుకోండి, పాత రకం ర్యామ్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల వాడినవి తక్కువలో దొరుకుతాయి, మీ వైపు నుంచి వచ్చేవాళ్ళెవరికైనా చెప్పండి. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూసుకుని అప్పుడు విండోస్ వేయించండి, పాత పద్ధతి ఐడీఈలో వేసి తర్వాత మారిస్తే విండోస్ ఎక్కకుండా నీలం తెర వస్తుంది. ఆ మాటకొస్తే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, మీ మిషన్ మీద 11 అధికారికంగా ఎక్కదు, బ్రౌజింగూ ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడమే అయితే విండోస్ బదులు తేలిక రకం లినక్స్ వేసి చూడండి. ఎక్కువ డబ్బు మాత్రం దీని మీద పెట్టకండి, 256 జీబీ చాలు, రేపు బోర్డు పోయినా డ్రైవ్ తీసి ఇంకోదాన్లో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: రిటైర్డ్ ఉద్యోగిని, వరంగల్. ప్రతి ఆదివారం కంప్యూటర్‌కి డీఫ్రాగ్ చేయడం నాకు అలవాటు. మొన్న మా అమ్మాయి ఎస్ఎస్‌డీ వేయించింది. దీనికీ చేయాలా?

జవాబు: చేయొద్దు సార్. డీఫ్రాగ్ అంటే చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని ఒకచోట చేర్చడం, అటెండరు తిరుగుడు తగ్గించడానికి. ఎస్ఎస్‌డీలో ఏ ముక్క ఎక్కడున్నా ఒకటే టైము, ఊరికే అటూ ఇటూ రాయించి దాని ఆయుష్షు తగ్గించడమే. విండోస్‌లో ఆప్టిమైజ్ డ్రైవ్స్ అని ఉండేది ఎస్ఎస్‌డీని గుర్తుపట్టి డీఫ్రాగ్ బదులు ట్రిమ్ అనే పని, అంటే చెరిపేసిన చోట్లు ఏవో డ్రైవ్‌కి చెప్పడం, తనే వారానికోసారి చేసుకుంటుంది, దాన్ని కదపకండి. ఓ పదిహేను ఇరవై శాతం ఖాళీ ఉంచండి చాలు. ఆదివారాలు ఖాళీ అయ్యాయి కాబట్టి బ్యాకప్ తీసే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: 1 టీబీ ఎస్ఎస్‌డీ కొంటే విండోస్‌లో 931 జీబీయే చూపిస్తోంది. 69 జీబీ తక్కువ ఇచ్చాడని షాపులో పెద్ద గొడవ చేసి వచ్చాను. అతను కంపెనీయే అంత ఇస్తుంది అని బుకాయిస్తున్నాడు. ఎవరికి కంప్లయింట్ చేయాలి? (నెల్లూరు)

జవాబు: ఎవరికీ వద్దండీ, మీకు రావాల్సింది మొత్తం వచ్చింది. కంపెనీ వాళ్ళకి 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్‌కి 1 జీబీ అంటే 1024ని మూడుసార్లు హెచ్చవేస్తే వచ్చేది, 107 కోట్ల 37 లక్షల చిల్లర. లక్ష కోట్ల బైట్లని ఆ పెద్ద కుంచంతో కొలిస్తే 931 వస్తుంది. సరుకు అదే, కుంచం వేరు. మీ పాత 500 జీబీ డిస్కు కూడా 465 అనే చూపించి ఉంటుంది, అప్పుడు చూసుకోలేదంతే. అటు వైపు వెళ్ళినప్పుడు ఆ షాపాయన దగ్గర ఏదో ఒక కేబులు కొని, ఓసారి నవ్వుతూ పలకరించి రండి.